ట్యాంకు కడిగిన సెలవులు

నవంబర్ 6, బుధవారం

ఈ డైరీ జనవరిల కాలేజీ వాళ్లు ఇచ్చిన్రు. పది నెలలు దీని మీద చాయ్ గ్లాసు పెట్టుకున్న తప్ప ఒక్క అక్షరం రాయలే. ఇప్పుడు రాస్తున్న, ఎందుకంటే సెలవుల ఉన్న. సెలవు చీటీల 'అనారోగ్యం' అని రాసిన. నాకు బీపీ లేదు, షుగర్ లేదు, ఆకలి మాత్రం మస్తు అయితుంది.

పోయిన నెల ఇరవై ఎనిమిదిన మా కెమిస్ట్రీ ల్యాబ్‌ల స్రవ్య అనే సెకండియర్ పిల్ల కుడి చేతి మీద ఆసిడ్ పడ్డది. మంచినీళ్ల బాటిల్‌ల ఉన్నది నీళ్లే అనుకొని చెయ్యి కడుక్కున్నది. ఎంక్వయిరీ అయ్యేదాక ల్యాబ్ ఇన్‌చార్జి ఇంట్ల ఉంటే మంచిదని ప్రిన్సిపాల్ అన్నడు. ఆ ఇన్‌చార్జిని నేనే. రాసిచ్చేది రాసిచ్చిన: పిల్ల అడగకుండ బాటిల్ ముట్టుకున్నది, అండ్ల ఆసిడ్ ఎవరు పోసిన్రో నాకు తెల్వదు. అయిపోయింది. దాని గురించి ఇంక ఇండ్ల రాయను.

కారు గురించి రాస్త.

మా మామయ్య అంబాసిడర్ పదకొండేండ్ల సంది రేకుల షెడ్డు కింద నిలబడి ఉన్నది. ఆయన పోయినంక దాని తాళంచెవి ఎవరూ ముట్టలే. ఇయ్యాల పొద్దుగాల మా ఆయన కేశవ్ బేగంబజార్ దుకాణానికి పోతూ పోతూ, "పాత ఇనుము కొనే కబాడీ వాడు వస్తడు, కారు చూపియ్యి" అన్నడు. నాకు ఎందుకో రోషం వచ్చింది. ఇంట్ల ఖాళీగ కూసున్న మనిషికి రోషం తొందరగ వస్తది.

"కబాడీకి ఎందుకు? ఇరవై రోజులల్ల దాన్ని నడిపిస్త."

"ఎవరు?"

"నేనే."

మా అత్తమ్మ రాధాబాయి బియ్యం ఏరుతున్నది. డెబ్బై ఆరేండ్ల మనిషి, చాట పక్కకు పెట్టి మరీ నవ్వింది. ఆ నవ్వుతోని ఇంక వెనక్కి పోయే దారి మూసుకపోయింది.

ఫోన్‌ల వీడియోలు చూసిన. ఏండ్లకేండ్లు నిలబడ్డ కారుకు ముందుగాల పెట్రోల్ ట్యాంకు ఇప్పి కడగాల్నట. లోపల తుప్పు పడ్తదట. తుప్పు అంటే నా సబ్జెక్టే. ఇరవై రెండేండ్లు బోర్డు మీద తుప్పు సమీకరణం రాసిన. నిజంగ ఎన్నడూ గీకలే, అది వేరే సంగతి.

నవంబర్ 7, గురువారం

ప్రతి జూన్‌ల కొత్త పిల్లలకు నేను చెప్పే మొదటి మాట: ఏ ద్రవాన్ని గూడ గొట్టంతోని నోటితోని పీల్చొద్దు. బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కొడ్త.

ఇయ్యాల పొద్దుగాల పది గంటలకు ట్యాంకుల పైపు పెట్టి నోటితోని పీల్చిన.

పదకొండేండ్ల పెట్రోల్ పెట్రోల్ లెక్క ఉండదు. వార్నిష్ లెక్క, పాత చెప్పుల దుకాణం లెక్క ఉంటది. నోటి నిండ వచ్చింది. ఉమ్మేసిన, గాని నాలుగు చుక్కలు లోపలికి పోయినయ్. అత్తమ్మ చెంబుతోని నీళ్లు తెచ్చింది, పుక్కిలిచ్చిన, సబ్బు తింటె మంచిగుండు అనిపించింది. సాయంత్రం దాక తేపు వస్తే పెట్రోల్ పంపు వాసన. దేవుని అర్ర దిక్కు పోతుంటే అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు దీపం కాడికి రాకు. కాలిపోతవ్."

నేను ఎమ్మెస్సీ. ఫస్ట్ క్లాస్.

నవంబర్ 9, శనివారం

అత్తమ్మ నాకు చెప్పకుండనే పురానాపూల్ ఖాజా భాయ్‌కి ఫోన్ చేసింది. మామయ్య ఉన్నప్పుడు ముప్పై ఏండ్లు ఈ కారును చూసిన మెకానిక్ ఆయన. ఇప్పుడు చేతులు వణుకుతయ్, ఒక కంటికి ఆపరేషన్ అయింది, పని బంద్ చేసిండు. వచ్చి కుర్చీ ఏపిచ్చుకొని కూసుండు. అప్పటికి నేను వెనక చక్రాలు జాకీతోని లేపి, కింద ఇటుకలు పేర్చి, సగం లోపలికి దూరి ఉన్న.

"అరె అమ్మా, బాహర్ ఆవ్! ముందు బయటికి రా!"

వచ్చిన.

"ఇటుక నక్కో, వద్దు. ఇటుక పలిగిందనుకో, గాడీ నీ ఛాతీ మీద. లకడీ పెట్టు, లకడీ. మందంది."

మొద్దులు దొరికిచ్చేసరికి మధ్యాహ్నం అయింది. అప్పుడు పెట్రోల్ పైపు సంగతి అడిగిండు. చెప్పిన. చాయ్ కప్పు కింద పెట్టిండు.

"నోటితోనా? అమ్మా, తుమ్ క్యా పఢాతీ కాలేజ్ మే?"

"కెమిస్ట్రీ."

ఏం అనలే. అనకపోవుడే మంచిగ తగిలింది. మిగిలిన పెట్రోల్ ఆయనే చేతి పంపు తెప్పిచ్చి డబ్బాల తీపిచ్చిండు. ఎనిమిది లీటర్లు అచ్చం చింతపండు పులుసు రంగు. చుట్టుపక్కల స్టవ్వు గాని, బీడీ గాని లేదని మూడు సార్లు చూసుకున్నంకనే మూత తీయనిచ్చిండు.

నవంబర్ 10, ఆదివారం

బోల్టులకు డీజిల్ పోసిన. నానుతున్నయ్.

నవంబర్ 12, మంగళవారం

ట్యాంకు కిందికి వచ్చింది!

డిక్కీ కింద నాలుగు బోల్టులు. ఒకటి మర్యాదగ వచ్చింది. రెండు డీజిల్‌ల నానినంక మూలుక్కుంట వచ్చినయ్. నాలుగోది తల తెగి నా కంట్ల తుప్పు పోసింది. పెట్రోల్ పోసే మూతి కాడి రబ్బరు పైపు పట్టుకుంటే మురుకుల లెక్క విరిగింది. పెట్రోల్ ఎంతున్నదో చూపెట్టే ముల్లుకు పోయే వైరు ఇప్పనీకి మరిచిపోయిన; ట్యాంకు సగం దిగి వైరు మీద ఉయ్యాల ఊగింది.

"ధీరే, ధీరే!" అని ఖాజా భాయ్ కుర్చీలకెళ్లి అరుస్తున్నడు. "ఖాళీ ట్యాంక్ అనుకోకు. కిందికి పోని కచ్రా ఇంకా ఉంటది."

ఉన్నది. నా మెడల పడ్డది.

పక్కింటి వాళ్లు గోడ మీదికెళ్లి చూస్తున్నరు. నేను సల్వార్ నిండ నల్లగయి, ట్యాంకును పొట్ట మీద పెట్టుకొని, కారు కిందికెళ్లి ఈడ్సుకుంట బయటికి వచ్చిన. అత్తమ్మ వాళ్లతోని అంటున్నది: "మా కోడలు లెక్చరర్."

లోపల బ్యాటరీ లైటు ఏసి చూసిన. గోడలకు ఎర్రగ పొరలు పొరలు, అడుగున వేలు మందం బురద. మస్తు సంతోషమైంది. నాకన్న ఆగమైన వస్తువు ఒకటి దొరికింది.

నవంబర్ 13, బుధవారం

కాలేజీ నుంచి లెటర్ వచ్చింది. ఎంక్వయిరీ ఇరవై ఐదున. కింద ఇంకో లైను ఉన్నది: ల్యాబ్ అటెండర్ బాలరాజ్‌ను విచారణ అయ్యేదాక పనికి రావద్దన్నరు. బాటిల్‌ల ఆసిడ్ పోసింది ఆయనే అయ్యుంటడని అనుకుంటున్నరట.

బాలరాజ్ తొమ్మిదేండ్ల సంది కాంట్రాక్ట్ మీద ఉన్నడు. మంచి మనిషి. నేను ఆయన మీద ఒక్క మాట రాయలే. 'తెల్వదు' అని మాత్రమే రాసిన. 'తెల్వదు' అనేది ఎవరి మీద చెప్పినట్లు కాదు.

ఖాజా భాయ్ సైకిల్ చైను తెమ్మన్నడు. తెచ్చిన.

నవంబర్ 15, శుక్రవారం

పాత సైకిల్ చైను, రెండు పిడికిళ్ల కంకర, సబ్బు నీళ్లు ట్యాంకుల పోసి మూతి బిగించి ఊపాలె. ఒక్కదాన్ని ఊపితే ట్యాంకు కాదు, నేనే ఊగుతున్న. అత్తమ్మ కొంగు నడుముకు చెక్కింది. ఒక దిక్కు నేను, ఒక దిక్కు ఆమె. నడుమ చాపల చుట్టిన ట్యాంకు. గడగడ గడగడ. వీధిల ఎవరో వచ్చి ఇంట్ల ఏమైందని అడిగిన్రు.

"నా పిల్లలను గూడ ఇంత ఊపలే," అన్నది అత్తమ్మ.

మొదటి నీళ్లు ఎర్రమట్టి లెక్క వచ్చినయ్. రెండోసారి ఇటుక రంగు. ఏడోసారికి గంజి లెక్క. నా కుడి భుజం లేస్తలేదు. రోజంతా ఒక్కసారి గూడ ల్యాబ్ సంగతి యాదికి రాలే. రాలేదని ఇప్పుడు రాస్తుంటే వచ్చింది.

నవంబర్ 16, శనివారం

మిగిలిన తుప్పుకు మందు తెచ్చిన. దుకాణపాయన తుప్పు మందు అని అమ్మేది ఫాస్ఫారిక్ ఆసిడే. అత్తమ్మకు, ఖాజా భాయ్‌కి అరగంట పాఠం చెప్పిన. ఆసిడ్‌లకు నీళ్లు పోయొద్దు, నీళ్లలకే ఆసిడ్ పోయాలె. చేతులకు గ్లౌజులు, కండ్లకు అద్దాలు. ఖాజా భాయ్ తలకాయ ఊపిండు. ఈ ఒక్క సంగతిల నేను ఉస్తాద్.

కొంచెం పోసి ట్యాంకును ఒక పక్కకు పండబెట్టిన. రేపు ఇంకో పక్కకు. రోజంతా మందు తగలాలె. కలిపినదాంట్ల కొంచెం మిగిలింది. మూతి కాడ పూయనీకి పనికొస్తదని పక్కకు పెట్టిన.

నవంబర్ 17, ఆదివారం

మిగిలిన మందును మంచినీళ్ల బాటిల్‌ల పోసి నల్లా గద్దె మీద పెట్టిన.

నేనే. మల్ల నేనే.

మధ్యాహ్నం తిన్నంక అత్తమ్మ ఎండకు బయట కూసున్నది. బీపీ గోళీ నోట్ల ఏసుకొని, లోపలికి పోయే ఓపిక లేక, గద్దె మీది బాటిల్ తీసింది. నేను కారు కింద ఉన్న, తెగిన బోల్టు ముక్కను తీస్తున్న. ఆమె పాదాలు, చీర అంచు కనవడ్డయ్. బాటిల్ మూత కింద పడ్డది. నీలం మూత. దాన్ని నేను పొద్దుగాల బిగించిన.

లేస్తుంటే నెత్తి కారుకు కొట్టుకున్నది. అరిచిన్నో లేదో తెల్వదు. బయటికి వచ్చేసరికి ఆమె ఉమ్మేసింది.

"ఏందే ఇది, నిమ్మకాయ పిండినవా?"

నల్లా కింద మొఖం పెట్టి పదిహేను నిమిషాలు నోరు కడిగిపిచ్చిన. మా గల్లీ చివర డాక్టర్ ఇంట్లనే ఉన్నడు. నీళ్లు ఎక్కువ కలిసి ఉన్నది, మింగలే, అదృష్టం అన్నడు. పెదవి లోపల తెల్లగ పొక్కింది. మూడు రోజులు పెరుగన్నం, సల్లటివి.

కేశవ్ నిద్ర లేచి వచ్చిండు. "ఆ బాటిల్ అక్కడ ఎవరు పెట్టిన్రు?"

నేను నోరు తెరిచిన. తెరిచిన్ననే అనుకుంటున్న.

"నేనే రా," అన్నది అత్తమ్మ. పొక్కిన నోటితోని మాట ముద్ద ముద్దగ వచ్చింది. "అక్కడిదిక్కడ పెట్టి మరిచిపోయిన. కండ్లు మంచిగ కనవడ్తలేవు."

పది నిమిషాలు తల్లిని తిట్టిండు. ఈ వయసుల చూసుకోవద్దా, ప్రతిదీ నోట్ల పెట్టుకుంటవా, చిన్నపిల్లవా అని. ఆమె తల వంచుకొని కూసున్నది.

నేను పోయి ట్యాంకును ఇంకో పక్కకు తిప్పిన. తిప్పే టైమ్ అయింది.

నవంబర్ 18, సోమవారం

ట్యాంకు లోపల మెరుస్తున్నది. చూడబుద్ధి అయితలేదు.

నవంబర్ 19, మంగళవారం

రాయనన్నది రాస్తున్న.

అక్టోబర్ ఇరవై ఎనిమిదిన ఆసిడ్ పెద్ద సీసా బరువుగ ఉన్నది. చిన్న సీసా పగిలి వారమైంది. కొత్తది తెప్పియ్యాలె, తెప్పియ్యలే. ఖాళీ మంచినీళ్ల బాటిల్‌ల కొంచెం పోసిన. కాగితం అంటిద్దామనుకున్న. అప్పుడే టైలర్ ఫోన్ చేసింది, బ్లౌజు చేతులు పొడుగా పొట్టా అని. బయటికి పోయి మాట్లాడిన. మూడు నిమిషాలు. లోపల పిల్ల కేక.

ఆసిడ్ ఎవరు పోసిన్రో నాకు తెల్వదని రాసిచ్చిన. సంతకం కింద ఎమ్మెస్సీ అని గూడ రాసిన.

పొద్దుగాల అత్తమ్మకు పెరుగన్నం కలిపిచ్చి అడిగిన. "నీ మీద ఎందుకు ఏసుకున్నవ్?"

"నువ్వు చెప్తవని చూసిన. చెప్పలే. వాడు అడుగుతనే ఉన్నడు. ఎవరో ఒకరు చెప్పాలె గద."

"తిట్లు పడ్డవ్."

"నా కొడుకు తిట్లు నాకు కొత్తనా?" చెంచా నోటి కాడ ఆపింది. "నువ్వు ఏందో దాస్తున్నవ్, ఇంద్రజా. పదిహేను రోజుల సంది కారు కింద దాక్కుంటున్నవ్. గా ట్యాంకు ఎవరికి గావాలె?"

చెప్పిన. మొత్తం. ఆమె అన్నం పక్కకు పెట్టి విన్నది. మధ్యల ఒక్కసారే మాట్లాడింది: "ఆ బాలరాజ్‌కు పెండ్లి అయిందా?" అయింది అన్న.

సాయంత్రం కేశవ్‌కు గూడ రెండు బాటిళ్ల సంగతి చెప్పిన. రిమోట్ చేతిల తిప్పుకుంట విన్నడు. తర్వాత అన్నడు, "ఇంక ఆరు రోజులు. ఊకుంటే అయిపోతది. ఆ అటెండర్‌ను మన దుకాణంల పెట్టుకుందాం."

నాకు కూడా అదే ఆలోచన వచ్చింది పోయిన వారం. ఆయన నోటికెళ్లి వింటుంటే ఎంత సిగ్గులేకుండ ఉన్నదో తెలిసింది.

"ఎంక్వయిరీల చెప్తా," అన్న.

"సోంచాయించుకో," అని టీవీ పెట్టిండు.

నవంబర్ 21, గురువారం

యాకుత్‌పురా పోయిన. బాలరాజ్ ఇల్లు రైల్వే స్టేషన్ వెనక. పండ్లు కొనుక్కొని పోయిన. ఆసిడ్ పోసి సంచిల బత్తాయిలు పట్టుకపోయే మనిషిని ఏమంటరో తెల్వదు.

తలుపు తీసింది ఆయనే. లోపలికి రమ్మనలే.

"బాలరాజ్, ఆ బాటిల్‌ల ఆసిడ్ పోసింది నేనే."

"నాకు తెలుసు మేడమ్. నేను చూసిన."

నేను వచ్చేదారిల ఆటోల నాలుగు సార్లు మాటలు తయారు చేసుకున్న. అన్నీ పోయినయ్.

"చూస్తే మరి చెప్పలేదా?"

"చెప్పిన. ఆ రోజే ప్రిన్సిపాల్ సార్‌కు చెప్పిన, మేడమ్ పోస్తుంటే చూసిన అని. మేడమ్ తెల్వదని రాసిచ్చింది, నీ తప్పు ఆమె మీదికి నెడ్తున్నవా అన్నడు." గొంతు పెరగలే. పెరిగితే మంచిగుండు. "ఆయన నమ్మకపోతే పోనియ్ మేడమ్. మా అమ్మ గూడ నమ్మలే. గంత సదువుకున్న మేడమ్ అబద్ధం ఎందుకు చెప్తది, నువ్వే మరిచిపోయి ఉంటవ్ అన్నది. రోజు అంటది. ఆ పిల్ల కాడికి పోయి కాళ్లు మొక్కి రమ్మంటది."

"అమ్మ ఉన్నదా ఇంట్ల?"

చూసిండు నా దిక్కు. పక్కకు జరిగిండు.

కాశమ్మ మంచం మీద కూసొని కూరగాయలు తరుగుతున్నది. నేను ఎదురుంగ కింద కూసొని మెల్లగ చెప్పిన.

"ఏంది?"

"మా అమ్మకు వినబడదు మేడమ్," అన్నడు బాలరాజ్. ఆ మొఖంల మొదటిసారి ఏదో కదిలింది. "గట్టిగ చెప్పాలె."

"అమ్మా, ఆసిడ్ పోసింది నేను!"

"ఎవరు పోసిన్రు?"

"నేను! బాలరాజ్ కాదు!"

"బాలరాజా? నాకు తెల్సు. నేను చెప్తనే ఉన్న వానికి."

"కాదమ్మా!" లేచి నిలబడ్డ. ఇరవై రెండేండ్లు ఎనభై మంది పిల్లల ముందర పాఠం చెప్పిన గొంతు అది, మైకు లేకుండ. "నేను పోసిన! నేను అబద్ధం రాసిచ్చిన! నీ కొడుకు నిజం చెప్పిండు! నేనే అబద్ధం!"

కిటికీల రెండు తలకాయలు వచ్చినయ్. ఎదురింటి తలుపు తెరిచిన్రు. ఎవరో కుక్కర్ ఆపేసిన్రు గూడ. కాశమ్మ కత్తిపీట పక్కకు పెట్టి కొడుకును చూసింది, నన్ను చూసింది.

"నువ్వెవరు?"

"ఆ మేడమ్‌నే నేను!"

ఆమె చెయ్యి చాపింది. కొడుతదనుకున్న. కొడుకును పిలిచింది. ఆయన దగ్గరికి పోతే ఆయన చొక్కా కొస పట్టుకొని దగ్గరికి గుంజి కూసోబెట్టుకున్నది. నా దిక్కు మల్ల చూడలే. బత్తాయిల సంచి నా చేతులనే ఉన్నది. అట్లనే తిరిగి తెచ్చిన.

గొంతు కూసుకపోయింది. ఉప్పు నీళ్లు పుక్కిలిస్తుంటే అత్తమ్మ అడిగింది, మల్ల పెట్రోల్ తాగినవా అని.

నవంబర్ 23, శనివారం

ట్యాంకును సోడా నీళ్లతోని కడిగి ఎండబెట్టిన. నీళ్లు నింపి చూస్తే అడుగున సూది మొనంత చిల్లి. పురానాపూల్‌ల రేడియేటర్లు అతికే దుకాణానికి ఖాజా భాయ్‌తోని ఆటోల తీసుకపోయిన. అతికేముందు వాళ్లు ట్యాంకు నిండ నీళ్లు పోసిన్రు. ఎందుకని అడిగిన. పెట్రోల్ ఆవిరి కొంచెం ఉన్నా పేలిపోతదట.

నాకు తెలిసిందే. గాని ఇప్పుడు తెలిసిన సంగతులు గూడ అడిగి తెలుసుకుంటున్న.

కేశవ్ మాట్లాడి రెండు రోజులైంది.

నవంబర్ 25, సోమవారం

చెప్పిన.

ముగ్గురు కూసున్నరు: ప్రిన్సిపాల్, మేనేజ్‌మెంట్ ఆయన, బయటి కాలేజీ నుంచి ఒక పెద్ద లెక్చరర్. ఒక పక్కకు బాలరాజ్. ఇంకో పక్కకు స్రవ్య, వాళ్ల నాన్న. పిల్ల కుడి చెయ్యి మోచేతి దాక తెల్లటి కట్టు.

"మరి అప్పుడు తెల్వదని ఎందుకు రాసిన్రు?" బయటాయన అడిగిండు.

"భయమైంది సార్. ఇన్నేండ్ల పేరు పోతదని."

"ఇప్పుడు పోలేదా?"

"పోయింది సార్."

ప్రిన్సిపాల్ బాలరాజ్ దిక్కు చూడనీకి తిప్పలు పడుతున్నడు. ఇంకేమన్నా చెప్పేది ఉన్నదా అని అడిగిన్రు. లేదు, మొత్తం చెప్పిన అన్న. అప్పుడు స్రవ్య లేచింది.

"నేను అడగకుండ ముట్టుకున్న అని రాసిన్రు గద మేడమ్. నేను అడిగిన. నీళ్లు ఎక్కడున్నయ్ మేడమ్ అని తలుపు కాడికి వచ్చి అడిగిన. మీరు ఫోన్‌ల మాట్లాడుకుంట, గట్లనే, బాటిల్ దిక్కు చెయ్యి చూపెట్టిన్రు."

బయటాయన పెన్ను ఆపి నా దిక్కు చూసిండు.

చూపెట్టిన. చూపెట్టిన నేను. ఎడమ చేతితోని, చూడకుండనే. అది ఈ డైరీల గూడ రాయలే. పంతొమ్మిదో తారీఖున అంతా రాసేసిన్ననుకొని మంచిగ నిద్రపోయిన గూడ.

"అవును," అన్న. "చూపెట్టిన."

వాళ్ల నాన్న కుర్చీల ముందుకు వంగి రెండు చేతుల మధ్యల మొఖం పెట్టుకున్నడు.

బాలరాజ్‌ను రేపటి నుంచి పనికి రమ్మన్నరు, రాతల పెట్టి. నన్ను ల్యాబ్ నుంచి తీసేసిన్రు, ఈ యేడు జీతం లేని సెలవు, ఫైలుల మచ్చ. పిల్లకు ఇంకేం గావాల్నని అడిగితే వాళ్ల నాన్న ఏదో అనబోయిండు. స్రవ్య ముందే అన్నది: "నా ప్రాక్టికల్ రికార్డ్ సగమే అయింది. ఫిబ్రవరిల పరీక్ష. ఈ చెయ్యి అప్పటిదాక పనిచెయ్యదంట. ఎవరు రాస్తరు?"

ప్రిన్సిపాల్ ఫైలు తిరగేసిండు. నేను చెయ్యి లేపిన. క్లాసుల పిల్లలు లేపినట్లు.

డిసెంబర్ 1, ఆదివారం

ట్యాంకు బిగిచ్చినం. కారు కింద నేను, పక్కన కేశవ్. "ఇటు లేపున్రి" అన్న. "ఇటా?" అన్నడు. పది రోజులల్ల అదే పెద్ద మాట. బోల్టులు బిగిచ్చేదాక మోకాళ్ల మీద కూసొని పట్టుకున్నడు. లేచినంక ప్యాంటు దులుపుకుంట, "మా అమ్మను తిట్టిన ఆ రోజు" అన్నడు. "నువ్వన్నా చెప్పొద్దా?" చెప్పాల్సి ఉండె అని నేనన్న.

కొత్త బ్యాటరీ, ఐదు లీటర్ల పెట్రోల్. పది సార్లు గిర్రుమన్నది. పదకొండోసారి మొత్తం గల్లీ నిండ నల్లటి పొగ. లేచింది! అత్తమ్మ వెనక సీట్ల కూసొని దిగనంటే దిగనన్నది. ఖాజా భాయ్ బానెట్ మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకొని విన్నడు.

"సునో అమ్మా. మామయ్య గాడీ మాట్లాడుతున్నది."

నాకు మాత్రం బస్సు దగ్గుతున్నట్లు వినబడ్డది.

డిసెంబర్ 4, బుధవారం

స్రవ్య వాళ్ల ఇల్లు జియాగూడ. ఆరు గంటలకు రమ్మన్నది. గొప్పకు కారు తీసుకపోయిన. సగం దూరంల దగ్గింది, ఊగింది, ఆగింది. నలుగురు మనుషులు నూకిన్రు. ఆరున్నరకు చెమటతోని, నల్లటి చేతులతోని చేరిన.

వాళ్ల అమ్మ తలుపు తీసి ఏం మాట్లాడకుండ లోపలికి పోయింది. స్రవ్య టేబుల్ ముందల కూసొని ఉన్నది.

"లేట్ ఎందుకైంది మేడమ్?"

కారు సంగతి చెప్పిన. ట్యాంకు ఎట్ల ఇప్పిన్నో, ఎట్ల కడిగిన్నో. పిల్ల శ్రద్ధగ విన్నది.

"ట్యాంకు ఒక్కటే కడిగిన్రా? ఇంజన్‌కు పోయే పైపు కడగలేదా? దాంట్ల గూడ తుప్పు ఉంటది గద."

నేను, ఖాజా భాయ్, నలభై వీడియోలు. ఒక్కరికీ తట్టలే.

చేతులు కడుక్కొని రమ్మన్నది. కూసున్న. ఆమె చెప్తుంటే రాయాలె: ఎనిమిదో ప్రయోగం, ఉద్దేశం, కావలసిన సామాను, పద్ధతి. వేగంగ చెప్తది. నేను వెనకబడ్డ. బోర్డు మీద రాసే చెయ్యి నాది, కాగితం మీద కోడిగీతలు. ఒక కాడ పరీక్షనాళిక బొమ్మ వంకర వచ్చింది. ఇంకో కాడ సమీకరణంల ఒక అంకె మరిచిపోయిన. ఆమె ఎడమ చేతి వేలు అక్కడ పెట్టింది. దిద్దిన.

మధ్యల కట్టు కింద దురద పెట్టిందేమో, చెయ్యి టేబుల్ అంచుకు రాసుకున్నది. నొప్పికి కండ్లు మూసుకున్నది. నేను పెన్ను పట్టుకొని కూసున్న. ఆమె కండ్లు తెరిచి, "ఎక్కడున్నం?" అన్నది. చెప్పిన.

గంటకు రెండు పేజీలు అయినయ్. పుస్తకం తన దిక్కు తిప్పుకొని చదివింది. మొత్తం చదివింది, మెల్లగ, మేము పరీక్ష పేపర్లు దిద్దినట్లు.

"ఈ రెండో పేజీ బాగలేదు మేడమ్. దిద్దుళ్లు ఎక్కువున్నయ్. దీన్ని చూసి మార్కులు నాకు ఏస్తరు."

"అవును."

"మళ్ల రాయండి."

పేజీ చింపి, మొదటి లైను నుంచి మళ్ల రాసిన. ఈసారి ఆమె మెల్లగ చెప్పింది.